ఫియర్ అనే ఇంటిపేరు

2009 చలికాలంలో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నుంచి మా ఊరు ఫ్రీమాంట్‌కి వస్తుంటే పొగమంచు కమ్మేసి దారి కనిపించలేదు. కారు పక్కకి ఆపాను. వెనక నుంచి ఏ ట్రక్కు గుద్దుతుందోనని నాకూ, పక్క సీట్లో ఉన్న అత్తగారికీ ఒకటే వణుకు. ఇంతలో ఓ గడ్డం మనిషి అద్దం తట్టాడు. చొక్కా జేబు మీద ‘ఫియర్’ అని కుట్టి ఉంది.

“భయం అని పేరు పెట్టుకుంటారా ఎవరైనా? అద్దం దించకమ్మాయ్,” అన్నారు అత్తగారు.

వేలెడంత దించి, ఆ పేరేమిటని అడిగాను.

“మా ఇంటిపేరు. పూర్వీకులది ఇంగ్లండ్. అక్కడి పాత భాషలో తోడు వచ్చేవాడని అర్థం. ముందు ఆపి ఉన్న నా ట్రక్కు వెనకే రండి.”

నమ్మాలో వద్దో తెలియక కదల్లేదు.

“నిజం చెప్పాలంటే, ఒంటరిగా వెళ్ళాలంటే నాకూ భయంగానే ఉంది,” అన్నాడాయన.

అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాను. పొగమంచు దాటేదాకా ఆయన ట్రక్కు ఎర్ర లైట్ల వెనకే మెల్లగా వెళ్ళి, ఇల్లు చేరాం.