పొడి పొట్లంతో పరిగికి

మా ధర్మవరం ఇంటి పెరట్లో గుమ్మడితీగ గోడెక్కింది, పూలు బోలెడు పూసింది, పిందె మాత్రం ఒక్కటీ నిలవలేదు. పురుగు పట్టిందేమోనని రోజూ పొద్దున్నే పూల మీద డి.డి.టి. పొడి చల్లుతున్నాను. అయినా అదే వరస. పరిగిలో మా చిన్నమ్మ పట్టుపురుగులు పెంచుతూ గుమ్మడి కూడా పండిస్తుంది. ఆమెనే అడుగుదామని ఆదివారం బయల్దేరాను. వట్టి చేతులతో పోవడమెందుకని ఒక పొట్లం పొడి కూడా పట్టుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి రైలు. పెనుకొండలో కాసేపు ఆగితే, కోటగోడ మీద పడుతున్న తొలి ఎండ చూస్తూ ఇడ్లీ తిన్నాను. ఎనిమిదిలోపే హిందూపురం చేరాను. అక్కణ్ణుంచి పరిగి బస్సుకు నలభై నయాపైసలు. కండక్టరు పొట్లం వంక చూశాడు.

"ఏమప్పా, ఘాటు కొడ్తాండాది, ఏందది?"

"పురుగుల మందు."

"మా చెనిక్కాయ చేనుకూ రవ్వంత ఇయ్యప్పా."

వేరుశెనగకని అడిగినా ఇవ్వలేదు గానీ, కొంచెం గర్వపడ్డాను.

చిన్నమ్మ నన్ను గడపలోనే ఆపేసింది. "ఆడనే నిలబడు! పొట్లంలో ఏముండాది?"

చెప్పాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. రెండు దినాల్లో గూళ్లు కట్టే పురుగులుండాయి లోపల. ఆ గాలి తగిల్తే ఒక్కటీ మిగలదు. నా ఏడాది తిండిరా అది!"

పొట్లం వీధిలో రాయి మీద పెట్టించి, బావి దగ్గర స్నానం చేయించి, చిన్నాయన పంచె కట్టించాకే తోటలోకి తీసుకెళ్లింది. మల్బరీ పక్కన గుమ్మడిపూల నిండా తేనెటీగలు. గట్టు మీద కొట్టకుండా వదిలిన తంగేడు చుట్టూ పసుపుపచ్చ సీతాకోకచిలుకలు. మందు చల్లబోయిన పక్క చేనాయన్ను కాళ్లు పట్టుకుని ఆపిందట.

"మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే పిందె నిలిచేది. చేర్చేది ఈ ఈగలే. నువ్వు వాట్ని యాడ బతకనిచ్చినావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. పొట్లం అక్కడే పూడుస్తానన్నాను.

"ఈడొద్దు. యాడ తెచ్చినావో ఆడికే తీస్కపో."

మూడింటి బస్సెక్కాను. పొట్లం మళ్లీ నా ఒళ్లోనే. తన పురుగుల్ని కాపాడుకోవాలని చిన్నమ్మ పడే పాటు ఊరి తేనెటీగల్నీ సీతాకోకచిలుకల్నీ కూడా కాస్తోంది. నా తీగను కాపాడాలని నేను పడ్డ పాటు వాటినే చంపింది. ఆ తోటలు చూడాలనుకునేవాళ్లు తొమ్మిదిలోపు చేరండి, ఎండ ముదిరితే గుమ్మడిపూలు ముడుచుకుంటాయి. మంచి మందని మా వీధిలో పదకొండిళ్లకు ఆ పొడి పంచింది నేనే. పక్కింటి అవ్వ తన దోసపాదు కాయ పట్టలేదని వారంగా దేవుణ్ణి తిడుతోంది. తప్పు దేవుడిది కాదని ముందు ఆమెకే చెప్పాలి.