ఒళ్లో తంబాకు పెట్టుకుని

ఈ మధ్య కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లి, ఫంక్షన్ హాలు దారి తప్పి పాత సందుల్లో తిరుగుతుంటే బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు వాసన తగిలింది. దాని వెనకే పచ్చి తంబాకు ఘాటు. కాళ్లు వాటంతట అవే ఆగాయి. నేను సిగరెట్ మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి, వెంటనే నర్సవ్వక్క గుర్తొచ్చింది.

సిరిసిల్ల నుంచి వచ్చి కోరుట్లలో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. అన్నలు, అంటే నక్సలైట్లు, పోలీసులు తప్ప మరో మాట వినపడని రోజులవి. నర్సవ్వక్క పొద్దున తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకే దాకా బీడీలు చుట్టేది. చుడుతూ తాగేది కూడా. భర్త దగ్గుతోనే పోయాడు. ఆమెకూ దగ్గు పట్టుకుని తెమడలో నెత్తురు కనిపించాక, ఇంకా తాగితే ఊపిరితిత్తులు నిలవవని జగిత్యాలలో డాక్టరు తేల్చి చెప్పాడట. ఇంటికొచ్చి, అప్పుడే బడి నుంచి వచ్చిన బిడ్డ లక్ష్మిని చూస్తూ కాసేపు కూర్చుంది. ఆ పూట నుంచి బీడీ ముట్టించలేదు. చుట్టడం మాత్రం మానలేదు. మానితే పొయ్యి వెలగదు.

వాడకట్టు ఆడవాళ్లు ఆమెను ఊరికే వదిలారా? పక్కన కూర్చుని పొగ మొహం మీదికి వదిలేవాళ్లు. ఒక్కదానికి చావవులే అంటూ కాలుతున్న బీడీ చేతికివ్వబోయేవాళ్లు. దుబాయి నుంచి వచ్చిన తమ్ముడైతే ఫారిన్ సిగరెట్ల డబ్బా తెచ్చి, అక్క తీసుకోలేదని మొహం మాడ్చుకున్నాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని, “తమ్మీ, నువ్వు తెచ్చినవంటే నాకు ఇంకింత ఆశయితుంది. గందుకే అవుతల పెట్టు” అన్నది. పాపం, అతనికి కోపం తెచ్చుకోవడానికి సందు దొరకలేదు. డబ్బా తీసుకుని బయటికి పోయి తాగాడు.

నేనూ అప్పుడే సిగరెట్ మానాలని పూనుకున్నాను. నా పద్ధతి వేరు. స్టాఫ్ రూములో నిలబడి, ఇక నాకు ఆ కంపే పడదని ప్రకటించాను. తోటి పంతుళ్లకు అంతకంటే ఏం కావాలి? జేబులో సిగరెట్ పెట్టేవారు, అగ్గిపుల్ల గీసి మొహం దగ్గర పట్టేవారు. వారం తిరక్కుండానే మళ్లీ ముట్టించాను. సాయంత్రం ఇంటికొచ్చి వాళ్లందరినీ తిట్టిపోస్తుంటే నర్సవ్వక్క దారం చుడుతూ విన్నది. “తాగబుద్ధి అయితలేదని ఎందుకు చెప్పినవ్ సారు? గా మాట అబద్ధమాయె. అబద్ధమని తెలిసినంక వాళ్లెందుకు ఊకుంటరు?” అన్నది. నాకు ఒళ్లు మండింది కానీ, ఆమె అన్నది నిజమే.

అంతలో పోలీసుల సోదాలు మొదలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల్లో అన్నలు సారా బంద్ పెట్టించారు. దాంతో ఎవరు ఏ అలవాటు మానినా, ఎవరు మాన్పించారని పోలీసులు ఆరా తీసేవారు. ఒక ఉదయం ఒక పోలీసు అధికారి నలుగురిని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నర్సవ్వక్క బీడీ మానిన సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. స్టూలు లాక్కుని కూర్చుని, చాటలోంచి ఒక బీడీ తీసి ముట్టించి, ఇంకొకటి ఆమె ముందు పట్టాడు. అన్నల మాట విని మానలేదంటే తన ముందే తాగి చూపించమన్నాడు. ముందు రోజు జీపెక్కించిన ఎదురింటతను ఇంకా తిరిగి రాలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా ముందు పట్టి ఉంటే దండం పెట్టి మరీ తాగేవాణ్ణి. లక్ష్మి వచ్చి తల్లి వీపును కరుచుకుంది.

ఆకలి మీద ఉన్న మనిషి అన్నం వైపు చూసినట్టు నర్సవ్వక్క ఆ బీడీ వైపు చూసింది. చేయి కొంచెం లేచింది కూడా. మళ్లీ చాట మీదికే దిగింది.

“అన్నలు కాదు సారు, డాక్టరు మాన్పిచ్చిండు. నాకు మస్తు పానం గుంజుతుంది. ఇగో, చెయ్యి వణుకుతుంది చూడున్రి. ఒక్కటి తాగితే మల్ల మానలేను. నేను పోతే గీ బిడ్డకు ఎవలు లేరు. తీస్కపోతే తీస్కపోన్రి గని, గా బీడీ మాత్రం నా చేతికియ్యకున్రి.”

తమ్ముడితో ఎలా అన్నదో ఆయనతోనూ అలాగే అన్నది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆయన ఆమె చేతినీ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. చేతిలోని బీడీ చాటలో పెట్టేసి, తాను తాగుతున్నది నేల మీద వేసి బూటుతో నలిపి లేచాడు. వాళ్లు వెళ్లాక ఆమె చెంబెడు నీళ్లు తాగి మళ్లీ ఆకు అందుకుంది. అంత ధైర్యం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మర్నాడు స్టాఫ్ రూములో, నాకు చచ్చేంత తాగాలని ఉంది, అందుకే ఇవ్వకండి అన్నాను. కొందరు నవ్వారు. కానీ జేబులో సిగరెట్లు పెట్టడం ఆగిపోయింది.

బదిలీ మీద వెళ్లిపోయిన చాలా ఏళ్లకు ఆమెను చూడటానికి వచ్చాను. లక్ష్మికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. వాళ్లు అమ్మమ్మ మెడ పట్టుకుని వేలాడుతున్నారు. చాట మాత్రం పక్కనే ఉంది. బీడీ లేకుండా ఉండటం ఇప్పుడు నీకు సులువైపోయింది కదా అక్కా అన్నాను. ఆమె నవ్వింది.

“ఏడ సులువు సారు. పొద్దుగాల చాట ముందట కూసుంటె ఇయ్యాల్టికి గూడ పానం గుంజుతది.”

తాగాలన్న ఆశ చచ్చిన రోజునే గెలిచినట్టని అన్నేళ్లూ నేను ఆ రోజు కోసం ఎదురుచూశాను. ఆమెకు ఆ రోజు రానేలేదు. రాకుండానే బిడ్డను పెంచింది, మనవల్ని ఎత్తుకుంది. ఆ తర్వాత నేనూ ఆ రోజు కోసం ఎదురుచూడలేదు.