శివారుకు ముందు నీళ్ళిచ్చిన ఇంజినీరు గారు

కాలువల ఇంజినీరు గారు పోయారని మొన్న పొద్దున్నే ధవళేశ్వరం నుంచి ఫోనొచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆయనెవరో తెలీదు. తెలియకుండా చేశారు.

మాది కాలువ చిట్టచివరి ఊరు. బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. ఆలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. ఎగువ ఊళ్ళవాళ్ళు చెరువులు నింపుకుని, కొబ్బరితోటలు కూడా తడుపుకునేసరికి గడువు అయిపోయేది. ఆఫీసుకెళ్ళి మొత్తుకుంటే, "రూలు ప్రకారం అందరికీ ఒకటే తేదీ" అనేవారు. అందరికీ ఒకటేనట! ఆ మాట అన్నవాళ్ళెవరూ ఉప్పునీళ్ళు తాగలేదు.

తొంభైల చివర్లో ఆయనొచ్చారు. సోమవారం మీటింగు ఆఫీసులోంచి తీసి కాలువగట్టు మీద పెట్టారు. రైతులూ, షట్టర్లు ఎత్తి దించే లస్కర్లూ, బడిపంతులుగా నేనూ వెళ్ళేవాళ్ళం. "ముందు నా తప్పు చెప్తానండి, తర్వాత మీవి చెప్పండి" అని మొదలెట్టేవారు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, మేం తిట్టినా వినేవారు. "ఆర్డరు రాసినాయనకి మీ చెరువు కనపడదు కదండీ. కనపడుతున్నవాడే మార్చుకోవాలి" అనేవారు.

ఆ వేసవిలో ఎగువ షట్టర్లు దించి, మా చెరువు ముందు నింపించారు. నీళ్ళు ఒక్కసారిగా రావడంతో మధ్యలో గట్టు తెగి, కొందరి దాళ్వా ధాన్యం, అంటే రెండో పంట, తడిసింది. మర్నాడే ఆ రైతుల ముందు నిలబడి, "తప్పు నాదేనండి. మెల్లగా పెంచాల్సింది" అన్నారు. మరుసటేడు మెల్లగానే పెంచారు. గట్టు తెగలేదు, మా చెరువూ నిండింది, ఎగువ చెరువులూ నిండాయి.

దానికి ఆయనకి దక్కింది సస్పెన్షను. ఎంక్వయిరీకి వచ్చిన పెద్దలు నిండిన చెరువుల గురించి ఒక్క ముక్క అడగలేదు. గట్టు మీద ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్న తప్పుని ఆయన మెడకే చుట్టారు. తప్పులు చేసి కిమ్మనకుండా కూర్చున్నవాళ్ళు మాత్రం ప్రమోషన్లు కొట్టేశారు. తర్వాత వచ్చినాయన మీటింగుని మళ్ళీ ఫ్యాను కిందకి మార్చాడు, పాత పద్ధతే తెచ్చాడు. సిగ్గులేని మనుషులు!

"ఎందుకు ఒప్పుకున్నారండీ?" అని ఒకసారి ఆయన మీదే అరిచాను.

"ఒప్పుకోకపోతే రెండో ఏడు కూడా గట్టు తెగేదండి, మాస్టారూ" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన ఆఖరి స్నానానికి మా చెరువు నీళ్ళే పోయాలని మా ఊరి ఆడవాళ్ళ కోరిక. ఈ ఏడూ మా చెరువు నిండకుండానే కాలువ కట్టేశారు, అందులో బురద తప్ప ఏమీ లేదు. ఖాళీ బిందెతోనే ఆటో ఎక్కి ధవళేశ్వరంలో ఆయనింటికి వచ్చారు.

అప్పటికే ఇప్పటి ఆఫీసరు పెద్ద పూలదండతో వచ్చి, "ఆయన మా అందరికీ ఆదర్శమండి" అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెబుతున్నాడు. మా పక్కింటావిడ నేరుగా వెళ్ళి బిందె అతని కాళ్ళ ముందు పెట్టింది.

"ఈయనకి మా చెరువు నీళ్ళు తెద్దామనుకున్నామండి. తమరు రూలు ప్రకారం కట్టేశారు గదండీ."

అతను దండ చేత్తో పట్టుకునే, వంగి బిందెలోకి చూశాడు.