మగ్గం ఆగితే వీధికంతా తెలుస్తుంది

మా వీధిలో ఇంటింటికీ చేమగ్గం ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా టకటక ఆగదు. ఒక ఇంట్లో ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఏదో అయినట్టే, వెంటనే పలకరించడానికి జనం వచ్చేస్తారు. జమ్మలమడుగు దగ్గరి ఈ వీధికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇది నాకు భలే ముచ్చటగా ఉండేది. దూరవిద్యలో డిగ్రీకి కట్టాక అదే ప్రాణం మీదికొచ్చింది.

తెల్లవారుజామున చదువు, తర్వాత వంట, ఆపైన పగలంతా చీర నేత. పోయినేడు చరిత్ర పరీక్షలో ప్రశ్నపత్రం మీదే తల వాల్చి నిద్రపోయాను. తప్పాను. మా అత్త తేల్చి చెప్పింది: "ఈసారి గూడా తప్పితే నీ పుస్తకాలు అటక మీదికే. మొగ్గమో సదువో, ఏదో ఒకటి సెయ్." నాకు రెండూ కావాలి. రెండూ కావాలంటే మధ్యాహ్నం ఒక కునుకు కావాలి.

ఫోనులో చూస్తే, ఏసీ గదిలో కూర్చున్న ఒకావిడ "మీ కోసం మీరు సమయం కేటాయించుకోండి, కళ్ల మీద దోసకాయ ముక్కలు పెట్టుకోండి" అంటోంది. మా ఇంట్లో దోసకాయ దొరికితే పప్పులోకి పోతుంది. సరే, దోసకాయ లేకుండానే మగ్గం ఆపి చాప మీద వాలాను.

రెప్ప పడకముందే పక్కింటామె ప్రత్యక్షం. "ఏమ్మే, మొగ్గం నిలబెట్నావే? ఒళ్లు బాగలేదా?" ఆమెను పంపిస్తే ఎదురింటి పెద్దాయన వచ్చాడు. "పోగులు తెగినాయేమ్మా? అతికియ్యమంటావా?" ఆ వెనకే ఇంకొకామె వచ్చి, "ఏమన్నా ఇశేషమా?" అని నా కడుపు వైపు చూసింది. ఇంతమందికి సంజాయిషీ ఇచ్చుకునే బదులు నేయడమే సుఖం అనిపించింది.

మర్నాడు నేస్తూ నేస్తూ ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేశాను. మధ్యాహ్నం మా అత్త వాకిట్లోకి, మా ఆయన బయటికి పోగానే, ఆయన పాటలు వినే స్పీకరును కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి పడుకున్నాను. అబ్బ, ఏం నిద్ర! ఒక్క ప్రాణి రాలేదు. పైగా పక్కింటామె మా అత్తతో "నీ కోడలు శానా కష్టపడతాండాది వొదినా" అందట. నాకు సిగ్గేసింది గానీ, నిద్ర చెడేంత కాదు.

రుచి మరిగాక ఆ రికార్డు చాల్లేదు. ఇంకా పొడుగ్గా మరొకటి చేశాను. ఒకసారి విని చూసుకోవాలన్న జ్ఞానం లేకపోయింది.

అది పెట్టిన మొదటి మధ్యాహ్నం మా అత్త వాకిట్లో నూలు చుడుతోంది. నేనేమో చాప మీద గుర్రు పెడుతున్నాను. ఉన్నట్టుండి లోపలి నుంచి ఒక కేక: "ఓమ్మే! పాలు పొంగిపోతాండాయి! సెవుడా నీకు? యాడ సచ్చినావు?"

పాపం, అత్త రాట్నం వదిలేసి వంటింట్లోకి పరుగెత్తిందట. పాలు లేవు. పొయ్యే వెలిగి లేదు. అప్పుడు తెలిసింది, ఆ గొంతు తనదేనని, నేను రికార్డు చేసిన రోజు తను వేసిన కేకేనని.

నేను కళ్లు తెరిచేసరికి తలాపున నిలబడి ఉంది. మనిషి లేని మగ్గం టకటకలాడుతోంది. ఇక నా చదువు అటకెక్కినట్టే అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"అత్తా, పరీక్షలో మళ్లీ నిద్రొస్తాదేమోనని..."

ఆమె నా వైపు చూడలేదు. స్పీకరు వైపే చూస్తోంది. అందులో ఆమె తిట్లు ఇంకా సాగుతూనే ఉన్నాయి.

"నా గొంతు ఇట్లుంటాదా?" అంది.

నేను తల దించుకున్నాను.

"మా అత్త గొంతు గూడా అచ్చం ఇట్లే ఉండె," అంటూ చాప అంచున కూలబడింది. "ఆయమ్మ పోయేదాకా పగలు కన్ను మూసిందే లేదు నేను."

ఒక చేత్తో నడుం నొక్కుకుంది. తర్వాత నన్ను మోచేత్తో నెట్టింది.

"పక్కకు జరుగు. ఆ అరిసేదాన్ని తీసేసి ఒట్టి మొగ్గం పెట్టు."

నేను పాత రికార్డు పెట్టాను.