ఒంటి తీగ తగవు

మా సైన్సు మాస్టారు పోయారని మొన్న నా బడి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "నువ్వేటీ ఏడవవని తెలుసు. అయినా సెప్పాల గదా," అంది. నేను ఏడవలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. దొరికినన్ని రాస్తాను. ఆయన మీద నా కోపం మాత్రం ఆయనతో పాటు పోలేదు.

అరవైల చివర్లో మాట. నౌపడ దగ్గర, ఉప్పు మళ్ళకు ఆనుకుని మా ఊరు. అప్పటికి కరెంటు వచ్చి ఎంతో కాలం కాలేదు. మాస్టారు విజయనగరం వైపు మనిషి. సన్నగా, ఎప్పుడూ ముఖం చిట్లించుకుని ఉండేవారు. ఎవరైనా నమస్కారం పెడితే, ఇతనికి నాతో ఏం పనిపడిందా అన్నట్టు చూసేవారు. మా ఊరు ఆయనకు నచ్చలేదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు.

ఒకరోజు టార్చి సెల్లులు, చిన్న బల్బు, రెండు తీగలు తెచ్చి మాకు సర్క్యూట్ పాఠం చెప్పారు. సెల్లు తల నుంచి బల్బుకి ఒక తీగ, బల్బు నుంచి సెల్లు అడుగుకి ఇంకో తీగ. ఏ కొస ఊడినా బల్బు ఆరిపోతుంది. నేను లేచి అడిగాను.

"ఒక్క తీగే ఉంటే కొంచెమైనా వెలగదా మాస్టారూ?"

"వెళ్ళిన కరెంటు తిరిగి రావడానికి దారుండాలి. దారి లేకపోతే బల్బు నీ మొహంలాగే ఉంటుంది," అన్నారు.

తరగతంతా నవ్వింది. నాకు పదమూడేళ్ళు. ఆయన్ని అసహ్యించుకోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మిగతా బళ్ళలో మాస్టారు చేసి చూపిస్తే పిల్లలు చూసేవారట. ఈయన మా అందరి చేతా చేయించేవారు, ఆడపిల్లల చేత కూడా. బల్బు వెలిగేదాకా ఇంటికి వెళ్ళనిచ్చేవారు కాదు. సాయం అడిగితే, "ఎక్కడో తెగింది. వెతుకు," అని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవారు.

ఆ ఏడాది అమ్మవారి సంబరానికి మా నాన్నే పెద్ద. గుండెకు తప్పెట కట్టుకుని తప్పెటగుళ్ళ వాళ్ళు ఆడే చోట బల్బులు పెట్టించాలని ఆయన కోరిక. స్తంభం మీది లైనుకి దగ్గరుండి కొక్కెం వేయించాడు. అక్కడినుంచి బల్బులకు వచ్చింది ఒకటే తీగ. రెండో తీగకు బదులు నేలలో ఇనుప గునపం దిగ్గొట్టి, బల్బుల రెండో కొసను దానికి కట్టించాడు. బల్బులు వెలిగాయి. ఊరంతా కేకలేసింది.

"ఏటే, మీ మాస్టారు రెండు తీగలుండాలన్నాడట కదా? సూడు, ఒక్కదాంతో ఎలగ ఎలుగుతన్నాదో," అన్నాడు నాన్న.

నాకెంత సంతోషమైందో చెప్పలేను.

చీకటి పడుతుండగా సన్నగా తుప్పర పడింది. పిల్లలు గునపం చుట్టూ తడి నేల మీదే కూర్చున్నారు. ఆటవాళ్ళవి ఒట్టికాళ్ళు. అప్పుడు వచ్చారు మాస్టారు. గునపం చూడగానే ఆయన నడక మారిపోయింది.

"ముందు ఆ పిల్లల్ని లేపండి. మీ రెండో తీగ ఈ నేలే, గునపం చుట్టూ నేలలో కరెంటు ఉంది."

"మాస్టారూ, మీ పాటం బడిలో సెప్పుకోండి. ఇది అమ్మోరి పని," అన్నాడు నాన్న.

"కరెంటుకి అమ్మోరూ తెలీదు, నువ్వూ తెలీదు," అంటూ ఆయన పందిరి కిందున్న ఎండు వెదురుగడ తీసుకుని, లైను మీది కొక్కేన్ని తోసేశారు.

అంతా చీకటి. నాన్న ఆయన చొక్కా పట్టుకున్నాడు. "తన్నండ్రా ఆడ్ని," అని ఎవరో అరిచారు. పెద్దలు విడదీసేసరికి చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది. ఆయన ఆ చిరిగిన చొక్కాతోనే పిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్కపట్టుకుని గునపానికి దూరంగా లాగారు. ఆ తర్వాతే వెళ్ళారు.

అంతటితో ఆగి ఉంటే ఆయన్ని నేను క్షమించేదాన్నేమో. మర్నాడు తరగతిలో నల్లబల్ల మీద బొమ్మ గీశారు. స్తంభం, తీగ, బల్బు, గునపం, గునపం పక్కన ఒక చిన్న మనిషి. కింద మా నాన్న పేరు రాసి, దాని పక్కన 'కరెంటు దొంగ' అని రాశారు. నన్ను లేచి చదవమన్నారు.

"మా నాన్న దొంగ కాడు," అన్నాను.

"అయితే ఆ బొమ్మలో తప్పెక్కడుందో చూపించు."

గంట కొట్టేదాకా నిలబెట్టారు. తప్పు దొరకలేదు.

దొరికించుకుందామనే ఇంటికెళ్ళి నాన్న టార్చిలోంచి సెల్లులు, బల్బు తీశాను. తీగలు కట్టి, మధ్యలో నేలకు బదులు గ్లాసులో నూతి నీళ్ళు పోసి రెండు చెంచాలు దగ్గరగా ముంచాను. బల్బు వెలగలేదు. ఉప్పు మడిలోంచి చిక్కటి నీళ్ళు తెచ్చి పోశాను. బల్బులో ఎర్రటి గీతలా వెలుగు వచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"మన నేలంతా ఉప్పే కదా నాన్నా," అన్నాను.

నాన్న లోపలికి వచ్చాడు. "నిజమే అవ్వొచ్చే. నిజం సెప్పడానికి ఊరందరి ముందూ నన్ను కుక్కని సేసి సెప్పాలా?" అని సెల్లులు తీసి టార్చిలో పెట్టుకున్నాడు.

మరుసటి సంబరానికి మీటరున్న ఇంటినుంచి రెండు తీగలు లాగించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అప్పటికి మాస్టారు మా ఊళ్ళో లేరు. సంబరమైన వారానికే ఆయనకు పాలు పోయడం మానేశారు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నారు. నాన్నా, మరికొందరూ పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి బదిలీ చేయించారు. ఆ కొన్నాళ్ళూ ఆయన పాఠం మాత్రం మానలేదు. మాటల్లో విషం ఇంకాస్త పెరిగింది, అంతే.

ఆయన వెళ్ళేరోజు నౌపడ స్టేషనుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. సాగనంపడానికి కాదు.

"బొమ్మలో తప్పు లేదు మాస్టారూ. మా నాన్న పేరు రాయడం తప్పు," అన్నాను.

ఆయన తన ట్రంకుపెట్టె మీంచి లేవలేదు. "పేరు రాయకపోతే నువ్వు ఉప్పునీళ్ళదాకా వెళ్ళేదానివా?" అన్నారు. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలీదు.

"ఎల్లేదాన్నే," అన్నాను.

అది నిజమో కాదో ఇద్దరికీ తెలీదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా తడిచేత్తో స్విచ్చు ముట్టుకోబోతే నా నోట్లోంచి ఆయన గొంతే వస్తుంది. నాకది నచ్చదు. దానివల్ల మా ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారు, అందుకు కృతజ్ఞురాలిని. ఆ రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోవు.

ఆరోజు ఆయన ఎక్కాక రైలు కదిలింది. చెయ్యి ఊపుతారేమోనని ఒక్క క్షణం చూశాను. రైలుపెట్టెలో ఎవరో తడి తువ్వాలు కరెంటు దీపం మీద ఆరేస్తున్నారు. మాస్టారు లేచి నిలబడి అతన్ని తిడుతున్నారు. మాటలు వినబడలేదు. రైలు ఉప్పు మళ్ళ మీదికి తిరిగేదాకా, కిటికీలో ఆయన చూపుడువేలు మాత్రం ఆడుతూనే కనిపించింది.