నా వీపు తగిలిన కుర్చీ

హైదరాబాదుకూ నాకూ పడదు. తప్పెవరిదంటే నగరానిదేనని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెబుతాను. కాచిగూడ స్టేషన్లో రైలు దిగీ దిగగానే అది నన్ను గుర్తుపట్టింది. ఆ రోజుకి తెలంగాణ మొత్తానికీ కేటాయించిన ఎండని ఒకచోట పోగేసి, తెచ్చి నా బట్టతల మీద గుమ్మరించింది. అశోక్‌నగర్ వెళ్ళాలన్నాను. ఆటో అతను నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా ఒకసారి చదివి, "ఈ ఏజ్‌ల గ్రూప్స్ ఎందుకు సార్ మీకు, మంచిగ ఇంట్ల కూసోక" అన్నాడు. సర్కారు కొలువు కోసం తప్ప మనిషి అన్నవాడు అశోక్‌నగర్ పోడని అక్కడ అందరి నమ్మకం.

నిజానికి నేను పోయింది పరీక్ష రాయడానికి కాదు, రాసేవాళ్ళకి జవాబులు రాసిపెట్టడానికి. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. మా దగ్గర తెలుగు తీసుకునేవాళ్ళు ఏటేటా తగ్గిపోతూ, త్వరలో నేనూ బెంచీలూ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు పలకరించుకునే రోజు వచ్చేలా ఉంది. అలాంటప్పుడు చిక్కడపల్లిలో పోటీ పరీక్షల గైడ్లు వేసే ఒక పబ్లిషరు, వేసవి సెలవుల్లో వచ్చి మాదిరి వ్యాసాలు రాయమన్నాడు. నచ్చితే ఉద్యోగంలోనే వేసుకుంటానన్నాడు. కూర్చుని రాసుకోవడానికి మాత్రం తన దగ్గర చోటు లేదనీ, అది నేనే చూసుకోవాలనీ అన్నాడు. అంతటి మహానగరంలో ఒక మనిషి కూర్చునే చోటు దొరకదా అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణో చూడండి.

అశోక్‌నగర్‌లో నాకు దొరికిన హాస్టలు ఒకప్పుడు పెళ్ళిళ్ళు చేసిన హాలు. దాన్ని ప్లైవుడ్ చెక్కలతో తేనెపట్టులా విభజించారు. నేను తుమ్మితే ఎనిమిది గదుల్లోంచి చిరంజీవ అని దీవెనలు వచ్చేవి. కిటికీ ఉండాల్సిన చోట క్యాలెండరు వేలాడేది. అది కూడా చెమటలు కక్కేది. మెస్సులో పప్పు వడ్డించేవాళ్ళు. అందులో కందిపప్పు జాడ కోసం నేను గాలింపు చర్యలు చేపట్టి, ఎన్నడూ సఫలం కాలేదు.

నాకు ముందు ఆ గదిలో ఉన్న కుర్రాడికి ఎక్కడో గురుకులంలో టీచరు ఉద్యోగం వచ్చి ఆ రోజే ఖాళీ చేస్తున్నాడు. ఖాళీ చేసేవాడు తన బకెట్టు, మగ్గు, పరుపు, టేబులు ఫ్యాను కొత్తగా వచ్చేవాడికి ఎంతోకొంతకి అంటగట్టి పోవడం అక్కడి ఆచారం. అతను అన్నీ అంటగట్టి, చివర్లో సైకిలు తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టాడు. లైబ్రరీలో నీలం కుర్చీ ఒకటుందనీ, గోడ పక్కన ఫస్టు నంబరు జాగా అనీ, మంచిగా చూసుకోమనీ చెప్పి బస్సు కోసం పరుగెత్తాడు. ఉద్యోగం వచ్చిన ఆనందంలో అతను సొంత పేరు మరిచిపోయేలా ఉన్నాడు. ఇంకేం మరిచిపోయాడో నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కాయితాలు పట్టుకుని చిక్కడపల్లి నడిచాను. అక్కడి గ్రంథాలయం లోపలి హాళ్ళు ఎప్పుడో నిండిపోయాయి. మిగిలిన తెలంగాణ యువత అంతా ఆవరణలో, ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళు తెచ్చుకుని, పుస్తకంలోకి తల దూర్చి కూర్చుని ఉంది. సాయంత్రం పోతూ పోతూ ఎవరి కుర్చీని వాళ్ళు గొలుసేసి కటకటాలకి కట్టి పోతారు. మా వైపు గేదెలకి కూడా అంత భద్రత లేదు. కుర్చీలన్నీ గోడ నీడలో వరసగా ఉంటాయి. నీడ జరిగినప్పుడల్లా వరస మొత్తం, ఒక్క మాట లేకుండా, రైలుపెట్టెల్లా జరుగుతుంది. గోడ పక్కన ఫస్టు జాగా వాడికి రోజంతా నీడ. వరస చివర ఉన్నవాడు మధ్యాహ్నానికి అప్పడం.

నా కుర్చీ దొరికింది. ఒక చెయ్యి విరిగితే తీగతో కుట్టిన నీలం కుర్చీ. నేను తాళం తీసి, కూర్చుని, సింహాసనం మీద పట్టాభిషేకం అయిన వాడిలా అటూ ఇటూ చూశాను. ఆవరణ మొత్తం పుస్తకాల్లోంచి తలెత్తి నన్ను చూస్తోంది. అంత ద్వేషం ఒక్కసారిగా నేను మా అత్తవారింట్లో కూడా చూడలేదు.

వరస చివర ఎండలో తలమీద చున్నీ కప్పుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. అమ్మాయి అంటున్నానే గాని ముప్ఫై దాటి చాలా రోజులైంది. పాలమూరు వైపు పల్లె. లేచి నా ముందుకొచ్చి నిలబడింది.

"లేవుండ్రి సార్. అది ఆ తమ్ముడు నాకిస్త అన్న కుర్చీ."

గదితో పాటు కొన్నానని చెప్పాను. తాళంచెవి ఊపి చూపించాను. ఆమె అక్కడికక్కడే ఆ కుర్రాడికి ఫోను చేసి, స్పీకరు పెట్టింది. అతను అయ్యో అక్కా మర్చిపోయిన, సామానంత కలిపి ఇచ్చేసిన, ఇచ్చినంక ఇగ నాది కాదు కదా అని గిలగిలలాడి పెట్టేశాడు. చట్టం నా వైపు ఉంది. నేను కాలు మీద కాలేసుకున్నాను.

అప్పుడు రెండో జాగాలో కూర్చున్న గడ్డం మనిషి నోరు విప్పాడు. ఆవరణ మొత్తానికి ఇతను అన్న. ఎన్ని పరీక్షలు రాశాడో అతనికే లెక్క లేదు కాబట్టి, అక్కడి ధర్మశాస్త్రమంతా అతని నోట్లోనే ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరికి వరసగా ఉద్యోగాలు వచ్చాయట. ఇద్దరూ ఉద్యోగం వచ్చాకే దాన్ని తర్వాతి వాళ్ళకి ఇచ్చారట. ఇప్పుడు పరీక్ష రాసే వయసే దాటిపోయిన నేను వచ్చి, దాని మీద వీపు ఆనించి, పోగేసిన అదృష్టమంతా దుబారా చేస్తున్నానట.

వారం రోజులు నేను దిగలేదు, వాళ్ళు తగ్గలేదు. నేను మంచినీళ్ళకని లేస్తే, వచ్చేసరికి కుర్చీ మీద తడిబట్ట ఆరేసి ఉండేది. నీడ జరిగినప్పుడు నాకు మాత్రం చెప్పేవాళ్ళు కాదు. నేను రాసుకుంటూ ఉండగా వరసంతా నిశ్శబ్దంగా జరిగిపోయేది. కాసేపటికి తల ఎత్తితే, ఖాళీ మైదానంలో నేనూ సూర్యుడూ ఇద్దరమే ఉండేవాళ్ళం. నారాయణగూడలో కొన్న గొడుగు ఆ ఎండకి ముడుచుకుపోయి, విప్పడం మళ్ళీ నా వల్ల కాలేదు.

ఆమె సంగతి మెల్లగా తెలిసింది. ఎండాకాలం చివర పరీక్ష. వయసు ప్రకారం అదే ఆఖరుది. ఇంటి దగ్గర ఈ ఒక్కసారే అని ఒప్పించి వచ్చింది. మధ్యాహ్నం ఎండ వరస చివరికి వచ్చినప్పుడు లేచి, పుస్తకాలు మోసుకుని మెట్ల మీదికి, అక్కణ్ణుంచి వాచ్‌మన్ తరిమితే సైకిళ్ళ స్టాండులోకి, అక్కడా దోమలు తరిమితే మళ్ళీ ఎండలోకి. నేను పట్టాభిషిక్తుడిగా గోడ నీడలో కూర్చుని సూర్యుణ్ణి తిట్టుకుంటూ వ్యాసాలు రాస్తున్నాను. అట్లా ఎన్నాళ్ళని చూడగలను. ఒకరోజు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను.

తీసుకోలేదు. గడ్డం అన్న పక్కనుంచి కల్పించుకున్నాడు.

"గట్ల చెల్లది సార్. ఇచ్చేటోనికి జాబ్ వచ్చుండాలె. జాబ్ రాకుంట వదిలిపెడితే అది సచ్చిన కుర్చీ. దాన్ని వాచ్‌మన్ రూము ఎనుకకు ఏస్తం. జాగ పక్కోనికి పోతది."

పక్కవాడెవరని అడిగాను. తనే. గోడ వైపు, ఫస్టు జాగా వైపు, అతను చూసిన చూపు నాకు జీవితంలో మరిచిపోయే రకం కాదు.

ఆమె నా వైపు తిరిగింది. "మీకేమన్న జాబ్ వచ్చే ఛాన్స్ ఉన్నదా సార్?"

పబ్లిషరు మాట చెప్పాను. అంతే. ఆ రోజు నుంచి నా బతుకు మారింది. అప్పటిదాకా నన్ను తగలబెట్టాలని చూసిన ఆవరణ, ఇప్పుడు నాకు ఉద్యోగం వచ్చేదాకా నిద్రపోకూడదని తీర్మానించింది. పొద్దున్న గేటులో అడుగు పెట్టగానే ఎంతయింది సార్ అని అడిగేవాళ్ళు. టీకి లేస్తే, టీ ఇక్కడికే తెప్పిస్తం కూసోండ్రి అని కూలేసేవాళ్ళు. పేపరు చదువుతూ దొరికితే లాక్కుపోయేవాళ్ళు. మా నాన్న నన్ను అంత కష్టపడి చదివించలేదు. ఆమె అయితే సాయంత్రం నా వెనక నిలబడి, ఇవాళ్టి వ్యాసం పూర్తి కానిదే తాళం వేయనిచ్చేది కాదు. ప్రేమ అనుకునేరు. ఎవ్వరి కళ్ళల్లోనూ వీసమంత దయ లేదు. ఎడ్లని తోలినట్టు తోలారు. అన్న మాత్రం వీళ్ళ హడావుడి చూసి నవ్వుకుంటూ, కొలత టేపు లేకుండానే నా జాగా కొలుచుకుంటూ కూర్చునేవాడు.

నీడ జరిగినప్పుడు ఇప్పుడు ముందు నాకే చెప్పేవాళ్ళు.

ఆమె పరీక్షకి ఇంకా కొన్నాళ్ళుందనగా కాయితాలు కట్టగట్టి పబ్లిషరు దగ్గరికి పోయాను. ఆయనా మా కృష్ణా తీరం వాడే. తాతల నాడు వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. చల్లటి గదిలో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, చల్లగానే కోశాడు.

"ఏమండీ మాస్టారూ, కరువు గురించి రాయమంటే సూర్యుడి జీవిత చరిత్ర రాశారేంటండీ. పరీక్ష రాసేవాడికి అంత టైముండదండీ."

మజ్జిగ తాగేసి ఉంటే బాగుండేది. సగంలో ఉంది. ఇరవై వ్యాసాల్లో నాలుగు ఉంచుకుంటానన్నాడు. ఉద్యోగం మాట ఎత్తితే, వచ్చే వేసవికి అవసరం పడితే కబురు చేస్తానండీ అన్నాడు. ఆ అండీలన్నీ ఏరి పక్కన పెడితే మిగిలేది, లేదు.

బయటికొచ్చాను. ఆవరణ అక్కడికి నాలుగడుగుల దూరం. నేను పబ్లిషరు దగ్గరికి పోయానని అక్కడ అందరికీ తెలుసు. ఒట్టి చేతుల్తో పోతే కుర్చీ వాచ్‌మన్ గది వెనక్కి, జాగా గడ్డం అన్నకి, ఆమె సైకిళ్ళ స్టాండులోకి. నారాయణగూడ వైపు తిరిగి, ఎదురైన మొదటి మిఠాయి కొట్లో ఒక పెట్టె కట్టించుకున్నాను. పుట్టినప్పటి నుంచి ప్రతిదాన్నీ పదింతలు చేసి చెబుతున్నవాణ్ణి. వచ్చే వేసవికి కబురు చేస్తానన్న మాటని ఉద్యోగంగా మార్చడం నాకొక లెక్క కాదు.

మిఠాయి పెట్టె చూడగానే ఆవరణ లేచి నిలబడింది. అన్న మాత్రం లేవలేదు.

"ఆర్డర్ కాపీ చూపియ్యిండ్రి సార్."

ఇంటర్వ్యూలు ఇచ్చీ ఇచ్చీ అరిగిపోయిన మనిషి ప్రశ్న అది. ప్రైవేటులో ఆర్డర్ కాపీలుండవన్నాను. మరి జాయినింగ్ ఎప్పుడన్నాడు. నోట్లో నిజమే దొర్లింది, వచ్చే వేసవి అన్నాను.

"జాబ్ ఇప్పుడొచ్చి జాయినింగ్ వచ్చే ఎండకాలమా? గిదేం కథ సార్?"

"మీకు రిజల్టు వచ్చాక జాయినింగ్‌కి ఎన్నాళ్ళు పడుతోంది నాయనా?" అన్నాను.

ఆవరణ అంతా నవ్వింది. ఆ వేసవిలో నా ముందు వాళ్ళు నవ్వడం అదే మొదలు, అదే చివర. అన్న ఇంకా ఏదో అనబోయాడు.

"సార్‌కి వచ్చింది అన్న. నేను నమ్ముతున్న," అంది ఆమె. "మిఠాయి తిను."

అన్న తిన్నాడు. తిన్నాక ఇక ధర్మశాస్త్రం మారదు. నేను తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చున్నీ తడిపి, కుర్చీ వీపుని రెండుసార్లు, నేను ఆనిన చోట ఇంకోసారి తుడిచింది. తుడుస్తూ, నాకు మాత్రమే వినిపించేలా అంది:

"జాబ్ వచ్చినోళ్ళు నేతి మిఠాయి తెస్తరు సార్. ఇది డాల్డాది."

మరి ఉద్యోగం రానివాడి దగ్గర తీసుకుంటే అదృష్టం రాదేమో అని గొణిగాను.

"నాకు లక్ ఎందుకు సార్, నీడ కావాలె." కూర్చుని పుస్తకం తెరిచింది. "ఇగ మీరు జర పక్కకు జరగుండ్రి. ఎలుతురు వస్తలేదు."

ఊరెళ్ళిపోయాను. ధన్యవాదాల వంటివేమీ జరగలేదు. నా గదిలోకి వచ్చినవాడికి బకెట్టూ, మగ్గూ, పరుపూ, ఫ్యానూ అంటగట్టి, ముడుచుకుపోయిన గొడుగు ఉచితంగా ఇచ్చాను.

మరుసటి వేసవికి పబ్లిషరు నిజంగానే కబురు చేశాడు. ఈసారి సూర్యుడి ప్రస్తావన లేకుండా రాయాలన్నది షరతు. కాచిగూడలో దిగి, నగరాన్ని ఎప్పటిలాగే తిట్టుకుంటూ, సంచీ కూడా దించకుండా ఆవరణకి పోయాను. ముందు చూసింది వాచ్‌మన్ గది వెనక. రెండు ఎర్ర కుర్చీలు, ఒక తెల్లది, కాళ్ళు పైకెత్తి పడున్నాయి. నీలం లేదు.

నీలం కుర్చీ గోడ పక్కన ఫస్టు జాగాలోనే ఉంది. తాళం మాత్రం కొత్తది, తీసి పక్కన పెట్టి ఉంది. రెండో జాగాలో గడ్డం అన్న నన్ను గుర్తుపట్టి, మొహం పుస్తకంలో దాచుకున్నాడు. నాకు అల్లరి పుట్టి కూర్చున్నాను. కాలు మీద కాలు వేసేలోపే, నీళ్ళసీసా పట్టుకుని ఎవరో సన్నపాటి అమ్మాయి వచ్చింది.

"లేవుండ్రి సార్. అది మా అక్క నాకిచ్చిన కుర్చీ."

అక్క ఇప్పుడెక్కడుందని అడిగాను. ఆఫీసులో ఉందంది. పోతూ పోతూ మిఠాయి ఏమైనా పంచిందా అన్నాను.

"పంచింది. నేతిది. మీకెందుకు సార్, లేవుండ్రి."

లేచాను. ఆ పిల్ల చున్నీ తడిపి, నా వీపు తగిలిన చోటల్లా తుడిచింది. నీడ అప్పటికే గోడ దగ్గరికి జరిగిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన ఎండ నా బట్టతలని వెంటనే గుర్తుపట్టింది.