చివరింటి వదినె అడిగిన రెండు బిందెలు

రాయకుండనే ఊరుకుందామనుకున్న. మా గల్లీ చివరింటి వదినె పోయి ఇయ్యాల్టికి పన్నెండు రోజులు. పొద్దున చాయ్ తాగి నూలు కండెలు చుట్టే మిషన్ ముందట కూసున్న మనిషి కూసున్నట్టే గోడకు ఒరిగిందని ఆమె కోడలు ఉరుక్కుంట వచ్చి చెప్పింది. నేను పోయేసరికి మిషన్ ఇంకా తిరుగుతనే ఉన్నది. నేనే బంద్ చేసిన. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. రాస్తే ఆమె చదువది, చదివే మీకు ఆమె తెల్వది. ఇగ ఎవరి కోసం రాసుడు అని బద్ధకించిన.

కాలేజీకి పోయే నా మనుమరాలు ఊరుకోలేదు. "తాతా, ఏఐకి చెప్తే ఏక్ మినిట్‌ల రాసిస్తది" అని ఫోన్‌ల నాలుగు పేరాలు రాయించింది. మంచిగనే రాసింది, అబద్ధమెందుకు. నాకు రాని మాటలు కూడ వేసింది. చివర్ల "ఆమె మరణం తీరని లోటు" అన్నది. అక్కడ ఆగిన. ఆమె బతికున్నన్ని రోజులు ఆమె లోటేందో గల్లీల అందరికీ తెలుసు. నల్లా వచ్చిన రోజు రెండు బిందెల నీళ్లు. అది తీరని లోటేం కాదు. మేం తీర్చలేదు, అంతే. అండ్ల నా పాలు పెద్దది. అందుకని నేనే రాస్తున్న.

భివండి పద్మనగర్‌ల మా గల్లీ పదకొండు ఇండ్లది. నీళ్ల పైపు మా దిక్కు నుంచి లోపలికి పోతది. మాది రెండో ఇల్లు, వదినెది పదకొండోది. నీళ్లు రోజు తప్పించి రోజు వస్తయి, అది కూడా పొద్దుటి పూట కాసేపు. ముందటి ఇండ్లోళ్లు పట్టుకున్నంక మిగిలినవే చివరికి. ఇండ్ల వింత ఏందంటే, నల్లా రాంగనే మేం ముందుగాల చేసే పని పట్టుడు కాదు, పారబోసుడు. మొన్నటివి పాసి నీళ్లని డ్రమ్మును మోరి కాల్వలకు వంచి, బిందెలు బోర్లించి, తోమి, మళ్లా కొత్త నీళ్లు నింపుకుంటం. నల్లా రోజు చివరింటికి మొదలు వినవడేది మోరి పారే చప్పుడు. తర్వాత చాలాసేపటికి వాళ్ల నల్లా గాలి కొడతది.

చుట్టరికం చూస్తే ఆమె నాకేం కాదు. ఆమె పెనిమిటీ నేనూ ఒకే షెడ్డుల సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపినం. ఆయనను అన్నా అని పిలిచిన, ఆమె వదినె అయ్యింది. ఆయన పోయినంక కండెలు చుట్టుకుంటనే పిల్లలను పెంచింది. షెడ్డుల కండె అడుగున నాలుగు మూరల నూలు మిగిల్తే మేం పారేస్తుంటిమి. ఆమె ఏరుకపోయి, ముడేసి తాడు పేనేది. నీళ్ల సంగతీ అంతే. బియ్యం కడిగిన నీళ్లతోటి గిన్నెలు నానవెట్టేది, గిన్నెలు కడిగిన నీళ్లతోటి గడప ముందట తుడిచేది. నేను నవ్వితే, "అంత దూరం నుంచి వచ్చినయి మర్దీ. ఒక్క పని చెప్పి పంపితే ఏం మర్యాద?" అనేది. నీళ్లను చుట్టాల లెక్క చూసిన మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూసిన.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలె. నేను బడికి పోలేదు. మిర్చీబజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద చదువు నేర్చుకున్న. అందుకే నా చదువుల చాన వార్తలకు నడిమి భాగమే ఉంటది, మొదలు ఇంకో పొట్లంల పోయేది, చివర నూనెల నానిపోయేది. ఆ అలవాటు మీద ఇప్పటికీ రోజూ చాయ్ హోటల్‌ల పేపర్ పైకి చదివి వినిపిస్త. పోయినేడు ఎండల్ల ఒకనాడు చదివిన: ఈ ఏఐ అనేటిది పెద్ద పెద్ద షెడ్డుల్ల ఉంటదట, ఆలోచించి ఆలోచించి వేడెక్కుతదట, దాన్ని చల్లబరచనీకి నీళ్లు కావాలట. అసొంటిది మా పక్కనున్న కాశేలి గోదాముల దిక్కు వస్తదని పక్క బల్ల మీద ఎవరో పుకారు పుట్టిచ్చిన్రు. ఇగ చూడాలె మా కోపం.

"మనకు రోజు తప్పించి రోజు, మిషన్‌కు రోజూనా?"

"మనిషికి లేని నీళ్లు డబ్బాకు పోస్తరా?"

మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలన్నరు. ఆ షెడ్డులు ఎన్ని నీళ్లు తాగుతున్నయో జనానికి లెక్క చెప్పాలె అని. నేను తెలుగుల చెప్పిన, మరాఠీల కావాలె కాబట్టి నా మనుమరాలు ఫోన్‌ల రాయించింది. ఏఐ మీద అర్జీ ఏఐ తోనే రాయించినమని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. తట్టింది వదినెకే.

సంతకాలకు తిరుగుతూ నేనూ మనుమరాలూ చివరింటికి పోయినం. వదినె కండె తీసి పక్కన పెట్టి కాగితం దిక్కు చూసింది.

"అక్షరాలు ముత్యాల లెక్కున్నయి. ఇవి నీవి కావు గదా మర్దీ?"

"ఫోన్ రాసింది వదినె."

"ఎవరి మీద అర్జీ?"

"అగో... దాని మీదనే."

ఆమె పల్లు అడ్డం పెట్టుకొని నవ్వినంతసేపూ నేను గోడకున్న క్యాలెండర్ చూసిన. నవ్వు ఆపి అడిగింది. "మరి ఇది రాయనీకి ఎన్ని బిందెలు తాగింది?"

"రుక్ నా పెద్దమ్మమ్మా, దాన్నే అడుగుతా" అని పిల్ల ఫోన్‌ల అడిగింది. అది చాంతాడంత జవాబిచ్చింది. మిషన్‌ను బట్టి ఉంటదట, ఊరును బట్టి ఉంటదట, ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్తరట, పక్కాగ చెప్పలేదట.

"మన నీళ్ల వాల్వ్ తిప్పెటాయన గూడ గిట్లనే చెప్తడు" అన్నది వదినె. "సరే, తాగుతదనైతే ఒప్పుకున్నది. ఇగ నువ్వు చెప్పు. మొన్న నల్లా రోజు మీ ఇంటి ముందట డ్రమ్ము వంచిన్రు. అవి ఎవరు తాగిన్రు?"

నేను మళ్లా క్యాలెండర్ చూసిన. జవాబు ఆమెనే చెప్పింది.

"మోరి తాగింది. కంప్యూటర్‌కు పోస్తే ఓ ముచ్చటన్న చెప్తది. మోరి ఏం చెప్తది మర్దీ?"

తిట్టినట్టు అనలేదు. ఓపికగ తన పేరు ఒక్కొక్క అక్షరం దిద్ది సంతకం పెట్టింది. "అడగాల్సిందే. ఎవలు తాగినా లెక్క చెప్పాల్సిందే" అన్నది. కాగితం ఇచ్చుకుంట మెల్లగ అన్నది, "పాత నీళ్లు ఉండనియ్యి మర్దీ. నా దాక రెండు బిందెలు రానియ్యి. ఈ మోకాళ్లతోటి నీళ్లకు అవుతలి గల్లీకి పోలేకపోతున్న."

ఆమె నన్ను జన్మల అడిగింది అదొక్కటే. నేను తల ఊపిన. మళ్లా నల్లా వచ్చింది, మళ్లా డ్రమ్ము వంచినం.

మొండితనం కాదు, భయం. నా చిన్నప్పుడు ఊర్ల మా తమ్ముడు వాంతులు, విరేచనాలై ఒక్క రాత్రిల పోయిండు. నిలువ నీళ్లు తాగినందుకే అని ఎవరో అన్నరు. అప్పటి నుంచి మా అమ్మ ఇంట్ల ఒక చెంబు పాత నీళ్లు ఉండనియ్యలే. భివండికి వచ్చినా, నా పెండ్లయినా, అమ్మ పోయినా, ఆ అలవాటు మాతోనే ఉన్నది. సిగ్గు విడిచి ఒకనాడు వదినెకు ఈ సంగతి చెప్పిన. ఆమె మిషన్ బంద్ చేసి నా దిక్కు తిరిగింది.

"మీ అమ్మ భయం నిజమే" అన్నది. "ఆనాడు మీ కుండ మీద మూత ఉండెనా?"

నాకు యాదికి లేదు. ఉండకపోవచ్చు.

నాలుగు రోజులకు ఆమె కోడలు వచ్చి ఒక బట్ట ఇచ్చిపోయింది. రెండు పొరల, రంగెయ్యని కోరా బట్ట. గుండ్రంగ కత్తిరించి, అంచు కుట్టి, చుట్టూ తాడు దూర్చి ఉన్నది. మా డ్రమ్ముకు మూత. మూతి కొలత ఎప్పుడు తీసుకున్నదో నాకు తెల్వది. తాడు కండెల అడుగు నూలుది. నా భార్య బాగుందని మడత పెట్టి సందుగ పెట్టెల పెట్టింది. అట్లనే ఉండిపోయింది.

ఆమె పోయిన దినం నల్లా రోజు కాదు. శవానికి స్నానం పోయాలె, ఇంట్ల చూస్తే సగం బిందె. గల్లీ మొత్తం తలా ఒక బిందె ఎత్తుకొచ్చింది. నేను మా డ్రమ్ముల నుంచి రెండు ముంచుకొని పోయిన. నిన్నటి నీళ్లు, ఇంకో దినమైతే మోరికి పోయేటియి. ఆడోళ్లు చీర అడ్డం పట్టి పోసిన్రు. పాసి నీళ్లని ఎవ్వరూ అనలే. ఆమె అడిగిన రెండు బిందెలు నేను ఆమె ఇంటికి ముట్టజెప్పింది అప్పుడే.

అర్జీ ఇంకా నా సంచిలనే ఉన్నది. ఇస్త. ఆమె పెట్టిన సంతకం అండ్ల ఉన్నది.

నిన్న నల్లా వచ్చింది. నా భార్య డ్రమ్ము వంచబోతే ఉండనియ్యి అన్న. "ఏందయ్యా, పానం బాగ లేదా?" అన్నది. సందుగల నుంచి బట్ట తీసి డ్రమ్ము మూతికి కట్టిన, సరిగ్గ కూసున్నది. ఒక్క బిందె పట్టి నల్లా కట్టేసిన. బయటికొచ్చి గడప మీద కూసున్న. కొంచెం సేపటికి చివరింటి కోడలు నిండిన బిందె లోపల పెట్టొచ్చి, రెండోది నల్లా కింద పెట్టింది.